టాపు లేని బండి

ఆబ్రీ ఫోర్టూన్ ఆ బండిని తెచ్చిన రోజు నగరం శివారున ఉన్న మా బోంటెహ్యూవెల్ పేటలో ఒక్కరూ మెచ్చుకోలేదు. మోటుతాడు కట్టి ఎవరిదో లారీ వెనక ఈడ్పించుకుంటూ వీధిలోకి తెచ్చాడు. ఒకప్పుడు దర్జాగా తిరిగిన బెంజి కారు, టాపు మడిచి వెనక్కి తోసేసి గాలి తగిలేలా పోయే రకం. ఇప్పుడు టాపు గుడ్డని ఎలకలు కొట్టేశాయి, దాని ఇనప చట్రం వంకర్లు పోయింది, తలుపుల అడుగు భాగాన్ని సముద్రపు గాలి తినేసింది. సీట్ల తోలు పగిలి పీచు బయటికొచ్చింది. సముద్రం ఒడ్డున మైజెన్‌బర్గ్‌లో ఒక ముసలి దొరసాని పోతే, గ్యారేజీ ఖాళీ అయితే చాలని వారసులు వచ్చినకాడికి వదిలించుకున్నారు. అతనికి అది ఒక మంచి ఫ్రిజ్ ధరకి దొరికింది.

"ఆబ్రీ మామా, కోళ్ళగూడు బ్రహ్మాండంగా ఉంది. కోళ్ళనెప్పుడు తెస్తున్నావు?" అన్నాడు ఎదురింటి క్లైడ్, గేటు మీద మోచేతులు ఆన్చి.

"ముందు నిన్ను పెట్టి చూస్తాలేరా. గుడ్డు పెడితే అప్పుడు ఆలోచిద్దాం," అన్నాడు ఆబ్రీ.

ఆబ్రీ డెంటింగ్ మేస్త్రి. అరవై దాటాయి, భార్య పోయింది, పిల్లల్లేరు. చెల్లెలు హెస్టర్ ఇంటి పెరట్లో చెక్క గది కట్టుకుని ఉంటున్నాడు. ఎంత సొట్ట పడిన తలుపునైనా సుత్తితో మాటలాడించి మామూలు చేస్తాడని పేరు. మనిషి తెల్లగా ఉంటాడు, జుట్టు సాఫీగా వెనక్కి పడుకుని ఉంటుంది. జేబులో దువ్వెన లేకుండా గేటు దాటడు, అంత ముసలితనంలోనూ ఆ టెక్కు మాత్రం తగ్గలేదు.

బండి ఎందుకంటే, హెస్టర్ మనవరాలు జోడీన్ కోసం అని చెప్పాడు. తల్లి లేని పిల్ల, హెస్టర్ చేతుల్లోనే పెరిగింది. ఆ ఏడు పన్నెండో తరగతి. మా వైపు పన్నెండో తరగతి పిల్లల డాన్సు అంటే పెళ్ళి తరవాత పెళ్ళి. పిల్ల గౌను వేసుకుని గడప దాటే వేళకి వీధంతా కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది. ఏ బండిలో వెళ్ళింది, గౌను ఎవరు కుట్టారు, జుట్టు ఎలా కుదిరింది అన్నది మళ్ళీ ఏడు దాకా చెప్పుకుంటారు. వ్యాన్‌లో పంపితే ఇక ఆ ఇంటివాళ్ళు తలెత్తుకోలేరు.

"నువ్వు రాణిలాగా వెళ్తావు, చూడు," అన్నాడు జోడీన్‌తో.

"ఇందులోనా తాతా? రాణి కాలు పెట్టగానే నేల ఊడేట్టుంది," అంది జోడీన్, తలుపు కింద వేలు పెట్టి తుప్పు రాలుస్తూ.

హెస్టర్ మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకి అది ఏ రకం బండో తెలుసు. ఆమెకి తెలుసునని ఆబ్రీకి తెలుసు.

ఆ సంగతి చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. ఆ రోజుల్లో మనిషి ఏ జాతో తేల్చడానికి తెల్లవాళ్ళ సర్కారు ఆఫీసువాళ్ళు జుట్టులో పెన్సిల్ గుచ్చేవాళ్ళు. జారి పడితే తెల్లవాళ్ళ బతుకు, ఇరుక్కుపోతే ఇంకో బతుకు. ఒక తల్లి కడుపునే పుట్టినా ఆబ్రీ తలలో పెన్సిల్ నిలిచేది కాదు, హెస్టర్ తలలో కదిలేది కాదు. ఆబ్రీ కుర్రతనంలో నగరంలో ఒక పెద్ద కార్ల షోరూమ్‌లో పనికి కుదిరాడు. అది తెల్లవాళ్ళకి మాత్రమే ఇచ్చే పని. అడిగినవాళ్ళకి తనూ తెల్లవాడినే అని చెప్పాడు. షోరూమ్ దగ్గరే వేరే గది తీసుకున్నాడు. ఇంటికి ఆదివారాలు, అదీ చీకటి పడ్డాక, వెనక గుమ్మం నుంచి వచ్చేవాడు. తల్లి అన్నం పెట్టేది, ఏమీ అడిగేది కాదు.

ఒకరోజు ఆ షోరూమ్ గేటు దగ్గర ఇలాంటి బెంజినే తుడుస్తుంటే హెస్టర్ వచ్చింది. అప్పటికి పావడా వేసుకునే పిల్ల. కొడుకు ఏం తింటున్నాడో ఏమోనని తల్లి చిక్కుడుగింజలూ మాంసమూ వేసి వండిన కూర గిన్నెకి గుడ్డ కట్టి పంపింది. తోటి పనివాళ్ళంతా చూస్తున్నారు. "ఎవరా పిల్ల?" అన్నాడు మేనేజరు. ఆబ్రీ నోటికి అబద్ధం వెతుక్కునే శ్రమ కూడా పడలేదు. "మా ఇంట్లో పనిపిల్ల," అన్నాడు. హెస్టర్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తరవాత తల దించుకుని "అవును దొరా" అంది. గిన్నె అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకి పాత ఊరివాడెవడో షోరూమ్‌లో నోరు జారాడు, ఆబ్రీ పని పోయింది. మూట సర్దుకుని ఇంటికొచ్చాడు. అప్పటికి, తెల్లవాళ్ళు కానివాళ్ళకి అక్కడ చోటు లేదని సర్కారు ఇంటివాళ్ళని నగరం నుంచి ఊడబెరికి ఈ ఇసక దిబ్బల మీద పడేసింది. తల్లి తలుపు తీసింది, హెస్టర్ పళ్ళెం పెట్టింది. గేటు దగ్గర జరిగిన మాట ఆ రోజూ ఎత్తలేదు, ఆ తరవాతా ఎత్తలేదు. మాట్లాడకుండా ఊరుకోవడంలో ఆమెని మించినవాళ్ళు మా వీధిలో లేరు. అన్నాచెల్లెళ్ళు ఒకే పెరట్లో బతికారు, పండగలు చేసుకున్నారు, తల్లిని సాగనంపారు. ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. అది తీసేయాలని ఆబ్రీకి ఎన్నోసార్లు అనిపించింది, ప్రతిసారీ గొంతులోనే ఆగింది. సిగ్గుపడ్డ మనిషికి నోటికన్నా చేతులే తొందరగా కదులుతాయి. అందుకే బండి కొన్నాడు. అదే రకం బండిలో హెస్టర్‌నీ, హెస్టర్ మనవరాలినీ కూర్చోబెట్టి వీధి వీధంతా చూస్తుండగా తీసుకెళితే, నోటితో చెప్పాల్సింది అదే చెప్పేస్తుందనుకున్నాడు.

పని మొదలైంది. తుప్పు పట్టినంత మేరా కోసేసి కొత్త రేకు అతికాడు. పుట్టీ పెట్టాడు, ఉప్పుకాగితంతో రుద్దాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ రుద్దాడు. పెరట్లో ఆరేసిన బట్టల మీద ఎర్ర దుమ్ము పడుతోందని హెస్టర్ తిట్టింది. ఇంజను క్లైడ్ చూశాడు, వాడికి నోరు ఎంత పెద్దదో చెయ్యి అంత మంచిది. సీట్లకి కొత్త తోలు, బండ్ల సీట్లూ టాపులూ కుట్టే సాలీ కుట్టాడు. డాష్‌బోర్డు చెక్కకి ఆబ్రీ తనే పాలిష్ పట్టాడు, మొహం చూసుకోవచ్చు అన్నంతగా. రంగు మీగడ తెలుపు. దీపాల చుట్టూ, అద్దాల చుట్టూ ఉన్న క్రోమ్ అంతా విప్పి, కొత్త పూత వేయించి తెచ్చాడు. కోళ్ళగూడు అన్నవాళ్ళే వచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు.

"టాపు సంగతేం చేశావు?" అని హెస్టర్ అడిగేది.

"చేస్తాలే."

"అన్నా, నేనడిగేది టాపు గురించి. పిల్ల జుట్టు గురించి."

"విప్పుకుని వెళ్ళే బండికి టాపు తొందరేంటే? ముందు కనపడేవి కానీ," అనేవాడు.

ఇక్కడే మా ఆడవాళ్ళెవరైనా అతని చెవి మెలేసేవాళ్ళు. మా ఇళ్ళలో ఆడపిల్ల జుట్టు చక్కగా పరుచుకోవాలంటే తెల్లవారుజామునే లేవాలి. కడగాలి, చుట్లు చుట్టాలి, వేడి గాలి పట్టించి పాయ పాయా సాగదీయాలి, పాత మేజోడు కోసి తలకి బిగించి నున్నగా అణచాలి. ఇంతా చేస్తే కాస్త తేమ తగిలితే చాలు, జుట్టు ఇంటికెళ్ళిపోతుంది. దగ్గరికి ముడుచుకుని పుట్టినప్పటి రూపుకి వచ్చేస్తుంది. అందుకే మా ఆడవాళ్ళ సంచుల్లో బైబిల్ లేకపోయినా ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఆ ఇంట్లో వాన అంటే ఏమిటో తెలియకుండా బతికినవాడు ఆబ్రీ ఒక్కడే. తడిస్తే దువ్వుకునేవాడు, అంతే.

చివరికి టాపు చట్రాన్ని సాలీ దగ్గరికి తీసుకెళ్ళేసరికి చాలా ఆలస్యమైపోయింది.

"ఇప్పుడా తేవడం?" అన్నాడు సాలీ. "ఈ చట్రం సరిచేసి, గుడ్డ తెప్పించి, కుట్టేసరికి పిల్ల డాన్సు కాదు, పెళ్ళి కూడా అయిపోతుంది."

ఆ మాట ఆబ్రీ ఇంట్లో చెప్పలేదు. చెబితే హెస్టర్ వ్యాన్ మాట్లాడుతుందని తెలుసు. మడిచిన టాపు ఉండాల్సిన గుంట మీద గుండీలున్న తోలు కప్పు ఒకటి బిగించాడు. లోపల పాత దుప్పట్లు రెండు కుక్కి ఎత్తు తెచ్చాడు. చూసినవాళ్ళెవరైనా లోపల టాపు మడిచి ఉందనే అనుకుంటారు. హెస్టర్ దాని మీద చెయ్యి వేసి "ఆఖరికి వేయించావన్నమాట" అంది. ఆబ్రీ దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

శనివారం ఆకాశం కడిగినట్టుంది. సాయంత్రానికి వీధి కుర్చీలతో నిండిపోయింది. జోడీన్ ఆకుపచ్చ గౌనులో గడప దాటింది. జుట్టు భుజాల దాకా జారి మెరుస్తోంది. ఆడవాళ్ళు ఒక్కసారిగా నోళ్ళు మూసుకుని చూశారు, మా వీధిలో అది చాలా పెద్ద గౌరవం. హెస్టర్ ముందు సీట్లో కూర్చుంది, జోడీన్ వెనక సీట్లో గౌను పరుచుకుంది. ఆబ్రీ బండిని మెల్లగా, ప్రతి గేటు దగ్గరా ఆగినంత పని చేస్తూ నడిపాడు. ఆ కాసేపూ అతని ఛాతీలో ఉన్నది సంతోషమే.

పెద్ద రోడ్డు ఎక్కి నగరం వైపు తిరిగాక కొండ మీద నుంచి మబ్బు దిగింది. వాన కూడా కాదు, వట్టి తుంపర. ఆబ్రీ అది గమనించనే లేదు.

"తాతా, టాపు వెయ్యి," అంది జోడీన్.

"ఇదేం చేస్తుందే, ఇప్పుడే పోతుంది."

"తాతా, ఆపు. టాపు వెయ్యి." ఈసారి గొంతు వేరుగా ఉంది. రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

వంతెన కింద ఆపాడు. దిగి బండి వెనక నిలబడ్డాడు. ఎంతసేపని నిలబడతాడు? గుండీలు విప్పి తోలు కప్పు ఎత్తాడు. లోపల పాత దుప్పట్లు. హెస్టర్ వెనక్కి తిరిగి వాటిని చూసింది. ఆ దుప్పట్లు ఆమెవే.

పైన లారీలు పోతున్నాయి. ఆమె ఏదైనా అంటే బాగుండుననిపించింది ఆబ్రీకి. హెస్టర్ సంచి తెరిచి ప్లాస్టిక్ కవరు తీసి మనవరాలి తలకి కట్టింది. కానీ నుదుటి దగ్గర, చెవుల దగ్గర అప్పటికే జుట్టు ఇంటికెళ్ళిపోయింది. వెనక నున్నగా, ముందు ఉన్నిలా. తెల్లవారుజాము నుంచీ పడ్డ పాటంతా పోయింది.

"వెనక్కి పోదామా?" అన్నాడు ఆబ్రీ.

"గౌను నేను కుట్టలేదు తాతా, అమ్మమ్మ కళ్ళు పోయేలా కుట్టింది. పద," అంది జోడీన్.

హోటల్ ముందు పిల్లలంతా గుంపుగా ఉన్నారు. నల్లద్దాల పొడుగు బండ్లలోంచి దిగుతున్నారు, కెమెరాలు మెరుస్తున్నాయి. జోడీన్ కవరు విప్పి అమ్మమ్మ చేతిలో కుక్కేసింది. నీలం గౌను పిల్లొకతె పరుగెత్తుకొచ్చింది. ముందు జోడీన్ జుట్టు చూసింది, తరవాత తడిసిన సీట్లు చూసింది, తరవాత ఆబ్రీని చూసింది.

"ఏంటే ఇది, ఎవరి బండి? ఈయనెవరు?"

జోడీన్ మొహం ఎర్రబడింది. "అద్దె బండి," అంది. "ఈమె మా అమ్మమ్మ. ఆయన డ్రైవర్."

"అద్దెకిచ్చే బండికి టాపు కూడా ఉండదా? బావుందయ్యా మీ వ్యాపారం," అంది ఆ పిల్ల ఆబ్రీ వైపు తిరిగి.

ఆబ్రీ బండి తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అవునమ్మగారూ. తప్పయిపోయింది," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఎక్కడ విన్నాడో గుర్తుకు రాలేదు. గుర్తొచ్చి తల తిప్పాడు. బండికి అటు పక్క హెస్టర్ నిలబడి ఉంది. ప్లాస్టిక్ కవరుని మడతపెట్టి, ఇంకా చిన్నగా మడతపెట్టి, సంచిలో పెట్టుకుంది.

తిరుగుదారిలో తుంపర ఆగిపోయింది. ఇద్దరూ ముందు సీట్లలో తడిసిన బట్టలతో కూర్చున్నారు. వంతెన దాటాక హెస్టర్ మాట్లాడింది.

"ఆ రోజు కూర తిన్నావా?"

ఏ రోజని అతను అడగలేదు. అడిగే మొహం ఎక్కడుంది?

"తిన్నాను," అన్నాడు. మేనేజరు కూడా రుచి చూసి, మీ పనిపిల్ల బాగా వండుతుందే అన్నాడనీ, దానికి తను నవ్వాడనీ చెప్పలేదు.

"పోనీలే. తిన్నాడా అని అమ్మ అడిగింది. తిన్నాడనే చెప్పాను. చూడకుండానే చెప్పానే అని ఇన్నాళ్ళూ అనుమానంగా ఉండేది."

"హెస్టర్..."

"రోడ్డు చూసి నడుపు."

వీధిలో కుర్చీలు ఇంకా తియ్యలేదు. పిల్ల ఎలా దిగింది, జనం ఏమన్నారు అని అందరూ చుట్టూ మూగారు. ఆబ్రీ నోరు తెరిచేలోపే హెస్టర్ అందుకుంది. "రాణిలాగే దిగింది. మా అన్న బండి చూసి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు షోరూమ్ గేటు దగ్గర కాపాడినట్టే ఇప్పుడు ఇంటి గేటు దగ్గరా కాపాడింది. ఆబ్రీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బండి మీద పట్టా కప్పి, తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆదివారం పొద్దున హెస్టర్ కూసిస్టర్లు వేస్తుంది. దినుసులు కలిపిన పిండి నూనెలో వేయించి, పాకంలో ముంచి, కొబ్బరి పొడి అద్దుతుంది. చర్చి నుంచి వచ్చేవాళ్ళూ, చర్చి ఎగ్గొట్టినవాళ్ళూ గిన్నెలు పట్టుకుని ఆమె వంటింటి కిటికీ ముందు వరస కడతారు. ఆ రోజు, ముందు రాత్రి డాన్సు కబుర్ల కోసం వరస ఇంకా పెద్దదయింది.

జోడీన్ స్నేహితురాలి ఇంటి నుంచి నడిచి వచ్చింది. జుట్టు కడిగేసి, సాగదీయకుండా, ఉన్నది ఉన్నట్టు రిబ్బను కట్టుకుంది.

"వచ్చిందండీ రాణిగారు," అన్నాడు క్లైడ్ వరసలోంచి. "తాత బండి అదరగొట్టిందట కదా?"

జోడీన్ ఆగింది. అమ్మమ్మ ఏం చెప్పిందో ఆ పిల్లకి తెలియదు. "తాతని డ్రైవర్ అని చెప్పాను," అంది అందరి ముందే. "జుట్టు పాడయిందని సిగ్గేసి అలా అన్నాను. అన్నాక ఇంకా ఎక్కువ సిగ్గేసింది. డాన్సు మధ్యలోనే అందరికీ చెప్పేశాను, ఆయన మా తాత, బండి ఆయన చేతులతో చేశాడు అని." అని గబగబా పెరట్లోకి వెళ్ళి తలుపు కొట్టింది. "తాతా, తలుపు తియ్యి. తప్పయింది, తియ్యవా."

ఆబ్రీ తలుపు తీశాడు. పిల్ల అతని నడుము చుట్టూ చేతులేసి ఏడ్చింది. ఆబ్రీ ఆ రిబ్బను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పదిహేడేళ్ళ పిల్లకి ఒక్క రాత్రి పట్టలేదు. తనకి తల నెరిసింది, తల్లి పోయింది, ఒక బండి మొత్తం కొత్తది చేయాల్సొచ్చింది, అయినా నోరు పెగల్లేదు. నిన్న హోటల్ ముందు కన్నా ఇప్పుడే ఎక్కువ సిగ్గేసింది అతనికి.

పిల్లని మెల్లగా పక్కకి జరిపి, ఇంటి పక్కగా నడిచి ముందుకొచ్చాడు. దువ్వుకోలేదు, నైట్ షర్టు మీదే ఉన్నాడు. వరస పక్కన, కిటికీ ముందు నిలబడ్డాడు.

"ఈమె హెస్టర్," అన్నాడు. "నా చెల్లెలు. ఒక్క తల్లి పిల్లలం."

క్లైడ్ పగలబడి నవ్వాడు.

"ఇన్నేళ్ళూ ఎవరనుకున్నావు మామా? వానకి బుర్రలోకి నీళ్ళు దిగాయా?"

కుర్రవాళ్ళంతా నవ్వారు. ఆబ్రీ కదల్లేదు.

"మా ఇంట్లో పనిపిల్ల కాదు," అన్నాడు. "నేనా మాట అన్నాను. నగరంలో, అందరి ముందూ అన్నాను. అది నా చెల్లెలు."

కుర్రవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కానీ వరసలో ముసలివాళ్ళు నవ్వలేదు. ఆ కాలం చూసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ఇళ్ళలోనూ రైల్లో అమ్మని చూసి మొహం తిప్పుకున్నవాళ్ళున్నారు, అలా తమవాళ్ళే మొహం తిప్పుకుంటే చూసినవాళ్ళూ ఉన్నారు. ఒక ముసలామె చేతిలో గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

హెస్టర్ చేతిలో గరిటె పాకంలోనే నిలిచిపోయింది. మొహం పక్కకి తిప్పుకుంది, భుజంతో చెంప తుడుచుకుంది. తరవాత ఒక కూసిస్టర్ తీసి, పాకం కారుతుండగానే పళ్ళెంలో పెట్టి, కిటికీలోంచి బయటికి జరిపింది.

"ముందు మా అన్నకి," అంది వరసతో. ఆబ్రీ పళ్ళెం అందుకుని పెరటి వైపు తిరగబోయాడు.

"లోపలికి కాదు," అంది హెస్టర్. "ఇక్కడే నిలబడి తిను. ఈసారి తిన్నావో లేదో నేను చూడాలి."

ఆబ్రీ అందరి ముందూ నిలబడి తిన్నాడు. పాకం మణికట్టు దాకా కారింది, కళ్ళనీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో కూసిస్టర్ ఉండడంతో ఏదీ తుడుచుకోలేకపోయాడు. అది అయిపోయేదాకా హెస్టర్ ఇంకెవరికీ వడ్డించలేదు.